నీరు పల్లమెరుగు, సరే... పల్లం ఎటు?

గోదావరి డెల్టాలో "నీరు పల్లమెరుగు" అన్న మాటకి రుజువు అడిగితే ఎగాదిగా చూస్తారు. బోదెలో, అంటే పిల్లకాలువలో, నీళ్లు వదిలితే ఎటు పోతాయో చిన్నపిల్లవాడు కూడా చెబుతాడు. మాట అర్థమైతే చాలు, ఒప్పుకోవడం దాంతోపాటే జరిగిపోతుంది. వేరే సాక్ష్యం వెతుక్కోవాల్సిన పని ఉండదు. ఇలాంటివాటినే స్వతఃసిద్ధ సత్యాలంటారు. ముంజేతి కంకణానికి అద్దమెందుకు అని తెలుగువాళ్లు ఎప్పటినుంచో అంటున్నదీ ఈ సంగతే.

చిక్కేమిటంటే, ఆ మాట ఒక్కదాంతో ఒక్క సెంటు భూమి కూడా తడవదు. నీరు పల్లానికే పోతుంది, సరే. పల్లం ఎటుంది? ఈ రెండో ప్రశ్నకి జవాబు తనంతట తాను తెలిసేది కాదు, కొలిస్తేనే తెలుస్తుంది. కానీ చాలామంది కొలవకుండానే మొదటి మాట మీదున్న నమ్మకాన్ని రెండోదానికి అంటగట్టేస్తారు. స్వతఃసిద్ధ సత్యాలతో రోజువారీ బతుకులో వచ్చే తగాదాలు దాదాపు అన్నీ ఈ అంటగట్టడం దగ్గరే పుడతాయి.

డెల్టా నేల సంగతే చూద్దాం. ఏరు ఎక్కడుంటే అదే అన్నిటికంటే పల్లం అని ఎవరికైనా అనిపిస్తుంది. చుట్టుపక్కల నీళ్లన్నీ ఏట్లోకే చేరాలి కదా. కొండల్లో, మెట్టలో అది నిజమే. పాపికొండల దగ్గర గోదావరి అన్నిటికంటే కిందే పారుతుంది. ధవళేశ్వరం దాటాక లెక్క తిరగబడుతుంది. వేల ఏళ్లపాటు వరదొచ్చినప్పుడల్లా ఏరు ఒడ్డు దాటి పొర్లింది. పొర్లగానే నీటి వేగం తగ్గి, బరువైన ఇసుకా ఒండ్రూ ఒడ్డు పక్కనే పడిపోయాయి, సన్నటి బంకమట్టి దూరం వెళ్లి దిగింది. అలా ఒడ్డు మెరకైంది. అందుకే డెల్టాలో గోదావరి పాయల ఒడ్డున ఉన్న ఊళ్లు ఎత్తు మీద ఉంటాయి, ఏటికి దూరం జరిగేకొద్దీ చేలు పల్లంలోకి దిగుతాయి. ఏటిగట్టుకి నాలుగైదు కిలోమీటర్ల అవతల కురిసిన వాన సాధారణంగా గోదావరిలోకి రాదు. మురుగు కాలువ పట్టుకుని కొల్లేరు వైపో, ఉప్పుటేరు వైపో, నేరుగా సముద్రానికో పోతుంది. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ అలాంటి దారే.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేయించిన ఆనకట్ట ఈ తిరగబడ్డ వాలునే వాడుకుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా ఏటికి అడ్డం కట్టి నీటిమట్టాన్ని కొంత లేపితే చాలు, ఒడ్డు మెరకల వెంట తవ్విన కాలువల్లోకి నీరెక్కుతుంది. అక్కణ్ణుంచి బోదెల్లోకి, బోదెల్లోంచి పల్లపు చేలల్లోకి తనే దిగుతుంది. మోటార్ల పని లేదు. సాగునీటి కాలువ మెరక మీద, మురుగు కాలువ పల్లంలో: సుమారు 10 లక్షల ఎకరాల వ్యవసాయం ఈ రెంటి మధ్యనున్న కాస్త ఎత్తు తేడా మీద నడుస్తోంది. 1982 నాటికి పాత ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చింది గానీ సూత్రం మారలేదు. ఇంతా చేసి సామెతకి వచ్చిన నష్టమేమీ లేదు. దాని చాటున దూరిన "ఏరే పల్లం" అన్న నమ్మకమే తప్పైంది.

సముద్రం దగ్గరికెళితే పల్లం టైమును బట్టి కూడా మారుతుంది. పాటు వేళ మురుగు కాలువ సముద్రంలోకి లాగుతుంది, పోటు వేళ సముద్రమే కాలువలోకి ఎక్కుతుంది. రోజుకి రెండుసార్లు ఇదే తంతు. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన వైపు చేలో నిలిచిన వాననీరు ఎప్పుడు దిగుతుందో చెప్పాలంటే భూమి వాలు తెలిస్తే చాలదు, తిథి కూడా తెలియాలి. అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువ. ఆ రోజుల్లో గట్టి వాన పడితే ఊడ్చిన, అంటే నాట్లేసిన, చేను మునకలోనే ఉంటుంది.

ఇంతకీ స్వతఃసిద్ధం అనడానికీ, "అందరికీ తెలిసిందే" అనడానికీ తేడా ఉంది. ధవళేశ్వరం రాజమండ్రి పక్కనే ఉందని అక్కడి వాళ్లందరికీ తెలుసు. కానీ ఆ వాక్యంలో తనని తాను రుజువు చేసుకునేది ఏమీ లేదు. చూసినవాడికి తెలుసు, చూడనివాడు ఎవరో చెబితే నమ్ముతాడు. అదే "ఎకరం కంటే అందులో అర ఎకరం చిన్నది" అంటే, మాట అర్థమైనవాడు మ్యాపు చూడకుండానే ఒప్పుకోవాలి. క్రీస్తుపూర్వం 300 ప్రాంతంలో గ్రీకు గణితవేత్త యూక్లిడ్ తన రేఖాగణితానికి పునాదిగా పెట్టుకున్న సాధారణ భావనల్లో ఇదొకటి: మొత్తం ఎప్పుడూ భాగం కంటే పెద్దది. ఒకే దానికి సమానమైనవి ఒకదానికొకటి సమానం అన్నది ఇంకొకటి. 13వ శతాబ్దంలో క్రైస్తవ తత్వవేత్త థామస్ అక్వినాస్ దీనికి ఓ మంచి సవరణ చేర్చాడు. తనలో తాను స్వతఃసిద్ధమైనది వేరు, మనకి స్వతఃసిద్ధంగా తోచేది వేరు అన్నాడు. ఎకరంలో వందో వంతు సెంటు అని తెలిసినవాడికి "50 సెంట్లు అర ఎకరం" అని చెప్పడం దండగ. హైదరాబాద్ నుంచి గజాల లెక్కతో వచ్చిన బంధువుకి అదే కొత్త సంగతి. వాక్యం అదే, మారింది వినేవాడు.

అన్నిటికంటే గట్టి పునాది అరిస్టాటిల్ చెప్పింది. ఒకే విషయం ఒకే సమయంలో, ఒకే అర్థంలో, ఉందనీ లేదనీ రెండూ అనడం కుదరదు. దీన్ని రుజువు చేయాలంటే దీన్నే వాడుకోవాలి. కాదనేవాడు సైతం "కాదు" అంటే "అవును" కాదని ఒప్పుకునే కాదనాలి. ఈ కోవకి చెందినవి నిజానికి బహు కొద్ది. ఆ కొద్దిపాటివీ ఎంత గట్టివో, అంత పలచన. వాటినుంచి వరి ధర తెలియదు, వరద మట్టం తెలియదు.

ఈ గీటురాయి మీద పెడితే నీరు పల్లమెరుగు అన్నది కూడా స్వతఃసిద్ధం కాదు, అనుభవమే. కాకపోతే అది ఎంత పాత అనుభవమంటే, డెల్టాలో పల్లం అంటేనే నీరు చేరే చోటు, ఇక కాదనడానికి సందే లేదు. అనుభవాలు ఇలా ముదిరి నియమాలైపోవడాన్ని తత్వవేత్త విట్‌గెన్‌స్టీన్ 1951లో చనిపోయేముందు రాసుకున్న నోట్సులో ఏటితో పోల్చాడు. కొన్ని వాక్యాలు గట్టిపడి ఏటి అడుగులా ఉండిపోతాయి, మిగతావి వాటి మీద పారతాయి. ఆ ఏటి ఒడ్డులోనూ కొంత రాయి, కొంత ఇసుక. ఆ ఇసుక నెమ్మదిగా కదులుతూనే ఉంటుంది. ఏటి మధ్య లంకల్లో ఉండేవాళ్లకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. స్థిరాస్తి అంటే కదలని ఆస్తి అని కాగితాల నమ్మకం. వరదకి దరి కోసుకుపోయాక ఊరి భూమి రికార్డు అడంగల్‌లో సర్వే నంబరు అలాగే ఉంటుంది, చేను మాత్రం కొబ్బరి చెట్లతో సహా ఏట్లో ఉంటుంది.

మన దేశంలో ఈ వాదన మీమాంస, న్యాయ దర్శనాల వాళ్లైన మీమాంసకులకీ నైయాయికులకీ మధ్య శతాబ్దాలపాటు నడిచింది. జ్ఞానం కలిగిందంటే అది నిజమని వేరే రుజువు అక్కర్లేదు, తప్పని తేలేవరకూ అది ప్రమాణమే అన్నది మీమాంసకుల స్వతఃప్రామాణ్య వాదం. ప్రతిదానికీ ఇంకో రుజువు కావాలంటే ఆ రుజువుకి మరో రుజువు, దానికి ఇంకోటి, దీనికి అంతుండదని వాళ్ల అభ్యంతరం. నైయాయికులు దీనికి ఒప్పుకోలేదు. దూరాన నీళ్లు కనబడ్డాయి, ఎండమావి కావచ్చు. వెళ్లి తాగితే దాహం తీరింది, అప్పుడే అది నీళ్లని తేలింది. అంటే ప్రామాణ్యం బయటినుంచి వచ్చిందంటారు. ఎవరిది గెలుపో చెప్పడం కష్టం గానీ, మనుషుల నడత మాత్రం తమాషాగా ఉంటుంది. ఇచ్చేటప్పుడు అందరూ మీమాంసకులే. పుచ్చుకునేటప్పుడు కాటా దగ్గర అంతా నైయాయికులైపోతారు.

ఈ రెంటినీ గొడవ లేకుండా కలిపి వాడేవాడు ఇల్లు కట్టే మేస్త్రీ. ఆయన దగ్గర సన్నటి ప్లాస్టిక్ పైపు ఒకటి ఉంటుంది, లోపలి నీళ్లు బయటికి కనబడేలా. ఒక కొస పట్టుకుని కూలీ ఒక స్తంభం దగ్గర నిలబడతాడు, రెండో కొస పట్టుకుని మేస్త్రీ ఇంకో స్తంభం దగ్గర నిలబడతాడు. నీరు ఊగి ఊగి ఆగుతుంది. ఆగిన చోట ఇద్దరూ పెన్సిల్‌తో గీత పెడతారు. ఆ రెండు గీతలూ ఒకే మట్టం. మధ్యలో గోడ అడ్డమున్నా, పైపు నాలుగు మెలికలు తిరిగినా ఫరవాలేదు. నీరు రెండు వైపులా సమంగా నిలుస్తుందన్నది మేస్త్రీకి చర్చించాల్సిన విషయమే కాదు. అయినా గీత పెట్టే ముందు పైపు పొడవునా కళ్లతో వెతుకుతాడు, వేలితో టకటకా కొడతాడు. "ఒరేయ్, బొటనవేలు తియ్యరా, బుడగేమన్నా ఉందేమో చూడు" అని అరుస్తాడు. పైకి లేచిన చోటో, కిందికి దిగిన చోటో గాలి బుడగ ఇరుక్కుంటే రెండు కొసలకీ మట్టం కుదరదు. పైపు మూతి మీద కూలీ వేలు పెట్టి మూసినా అంతే. శ్లాబు పోశాక వాన నీరు బాల్కనీ వైపు పోవాల్సింది హాల్లోకి వస్తే అప్పుడు నీటిని తిట్టి లాభం లేదు. మేస్త్రీ నీటిని ఎన్నడూ అనుమానించడు, పైపుని మాత్రం ఎప్పుడూ నమ్మడు. తత్వశాస్త్రం క్లాసులో చాలా గంటలు పట్టే తేడా ఇది.

ఇదే తేడా కనబడే ఇంకో చోటు ధాన్యం కాటా. సార్వా (వానాకాలం పంట) కోతలప్పుడు రైతు అంటాడు: "కాటా అబద్ధం చెబుద్దేంటండీ? డెబ్భై అయిదంటే డెబ్భై అయిదే." ఏ వస్తువైనా అదే అవుతుంది, ఇంకోటి కాదు అన్నది తర్కంలో మొట్టమొదటి నియమం, దాన్నెవరూ కాదనలేరు. అవతల కొనే ఆయన తేమ మీటరు చూపిస్తాడు: "డెబ్భై అయిదేనండీ, కాదని ఎవరన్నారు? అందులో నీళ్లెంతో చూడండి మరి." ప్రభుత్వం కొనే ధాన్యంలో తేమ 17 శాతం దాటకూడదు. మీటరు 22 చూపించిందనుకుందాం. తేడా 5 శాతం గనక, 75 కిలోల బస్తాలో 5 శాతం, అంటే మూడుముప్పావు కిలోలు తరుగు తీస్తే సరిపోతుందని ఇద్దరికీ తోస్తుంది. ఇది కళ్ల ముందున్న తీసివేత, ఇందులో అడగడానికేముంది అనిపిస్తుంది.

లెక్క వేస్తే అలా రాదు. 22 శాతం తేమ ఉన్న 75 కిలోల్లో పొడి గింజ 58.5 కిలోలు. ఎండబెట్టినా ఈ బరువు మారదు, పోయేది నీరే. ఎండాక తేమ 17 శాతం ఉండాలంటే ఆ 58.5 కిలోలు మొత్తంలో 83 శాతం కావాలి. అప్పుడు బస్తా బరువు దాదాపు 70.5 కిలోలు. తగ్గాల్సింది నాలుగున్నర కిలోలు. ఎకరానికి 30 బస్తాలనుకుంటే ఈ రెండు తరుగుల మధ్య తేడా 23 కిలోల దాకా వస్తుంది. తీసివేతలో పొరపాటు లేదు. ఎండకముందు శాతం, ఎండాక శాతం ఒకే మొత్తం మీద లెక్కించినవన్న ఊహ తప్పు. మొత్తమే కుంచించుకుపోయిందని ఎవరూ గమనించలేదు. ఈ లెక్క చూపించి తరుగు ఇంకా ఎక్కువ పట్టేవాళ్లూ ఉంటారు గనక, రైతుకి దీన్ని సొంతంగా వేసుకోవడం రావాలి.

గణితంలోనూ ఇలాంటి పెద్ద దెబ్బ ఒకటి తగిలింది. యూక్లిడ్ అయిదో సూత్రాన్ని సులువుగా చెప్పుకోవాలంటే, ఒక గీతకి బయటున్న బిందువు గుండా ఆ గీతకి సమాంతరంగా ఒకే ఒక్క గీత గీయగలం. రెండు వేల ఏళ్లు దీన్ని నిజమనే నమ్మారు, కాకపోతే మిగతా సూత్రాల్లోంచి రుజువు చేద్దామని చూశారు, కుదరలేదు. 1829లో లొబచెవ్‌స్కీ, 1832లో బోయాయ్ దాన్ని పక్కన పెట్టి కూడా ఎక్కడా విరోధం రాని రేఖాగణితం కట్టొచ్చని చూపించారు. 1854లో రీమాన్ ఇంకా ముందుకెళ్లాడు. భూగోళం మీద చూస్తే ఇది అంత వింతేమీ కాదు. కాకినాడ మీదుగా పోయే రేఖాంశం, నరసాపురం మీదుగా పోయే రేఖాంశం రెండూ భూమధ్యరేఖ దగ్గర దానికి లంబంగా, ఒకదానికొకటి సమాంతరంగా బయల్దేరతాయి. ఉత్తర ధ్రువం దగ్గర కలిసిపోతాయి. కాగితం చదునుగా ఉందన్న సంగతి ఎవరూ పైకి చెప్పలేదు, చెప్పాల్సిన అవసరమే లేదనుకున్నారు.

"నిప్పు లేనిదే పొగ రాదు" సంగతి వేరు. తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి, అంటే గుర్తుని బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడానికి, వాడే పాత ఉదాహరణే ఇది, కొండ మీద పొగ చూసి నిప్పుందని తెలుసుకోవడం. ఆ శాస్త్రం చెప్పినవాళ్లే కనబడేది పొగో, ఆవిరో, దుమ్మో ముందు తేల్చుకోమన్నారు. ధనుర్మాసం పొద్దుట వరిచేల మీద లేచే మంచుని చూసి ఎవరూ బకెట్లతో పరిగెత్తరు. అరుగుల మీద పుట్టే పుకారు విషయంలో మాత్రం ఈ జాగ్రత్త ఎవరికీ గుర్తు రాదు.

మనుషుల సంగతికొచ్చేసరికి ఇదంతా బరువెక్కుతుంది. 1776లో అమెరికా స్వాతంత్ర్య ప్రకటన, మనుషులంతా సమానంగా సృష్టించబడ్డారన్నది స్వతఃసిద్ధ సత్యమంది. జెఫర్సన్ తొలి చిత్తులో "పవిత్రమైన, కాదనలేని" సత్యాలని ఉండేది, తర్వాత "స్వతఃసిద్ధ" అని మార్చారు. అది రాసిన జెఫర్సన్ తన జీవితకాలంలో వందల మందిని బానిసలుగా ఉంచుకున్నాడు. వాక్యంలో లోపం లేదు. అందులో "మనుషులు" అంటే ఎవరన్నది ఎవరికి వాళ్లు తమకి అనువుగా సర్దుకున్నారు.

భారత రాజ్యాంగం ఆ పని చేయలేదు. సమానత్వం స్వతఃసిద్ధమని పీఠిక ఎక్కడా అనలేదు, దాన్ని సాధించడానికి ప్రజలం తీర్మానించుకున్నామంది. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసి, పాటిస్తే నేరమంది. అందరికీ కనబడే నిజమే అయితే శిక్ష పెట్టాల్సిన పనేముంది? రాజ్యాంగ నీతి సహజంగా పుట్టే భావన కాదని, దాన్ని పెంచుకోవాలని అంబేద్కర్ 1948 నవంబరు 4న రాజ్యాంగ సభలో చెప్పాడు. 2022లో కోనసీమ జిల్లాకి ఆయన పేరు పెట్టాలన్నప్పుడు మే 24న అమలాపురంలో ఒక మంత్రి ఇల్లూ, ఒక ఎమ్మెల్యే ఇల్లూ తగలబడ్డాయి. ఆ పేరే జిల్లాకి నిలిచింది. తీర్మానం అన్న మాటే నిజాయితీగా ఉందనిపిస్తుంది, ఎందుకంటే అది పని మిగిలుందని ఒప్పుకుంటోంది.

దీనికి ఎదురు దిక్కు రాజమండ్రిలో కనిపిస్తుంది. వితంతువుకి మళ్లీ పెళ్లేమిటి అన్నది 19వ శతాబ్దపు రాజమండ్రిలో అగ్రవర్ణాల వాళ్లకి ప్రశ్నే కాదు. అడిగినవాడికే బుద్ధి లేదనేవారు. కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న అక్కడ తొలి వితంతు వివాహం జరిపించాడు. దానికి ముందు ఆయన సమానత్వం అనో, కరుణ అనో ఒక్క మాట చెప్పి ఊరుకోలేదు. అవతలివాళ్లు ఒప్పుకునే శాస్త్ర ప్రమాణాలే తీసి ఉపన్యాసాలిచ్చాడు, వాదప్రతివాదాలు చేశాడు. ఒప్పుకుని తీరాల్సిన సంగతి అని తను అనుకున్నదాన్ని కూడా పక్కన పెట్టి, ఎదుటివాడి నేల మీద నిలబడి రుజువుకి దిగాడు. "ఇంతకంటే రుజువేం కావాలి" అన్నది ఆ ఊరివాళ్ల మాట, ఆయనది కాదు. వెలి వేసినా ఆగలేదు.

"దానికేముందండీ, తెలిసిందేగా" అన్న మాట ఇళ్లల్లో, ఆఫీసుల్లో రెండు పనులు చేస్తుంది. ఒకటి టైము మిగల్చడం. ప్రతి ఉదయం సూర్యుడు తూర్పునే వస్తాడా అని చర్చ పెట్టుకుంటే వంట కాదు. రెండోది నోరు మూయించడం. కొత్త కోడలు ఏదైనా ఎందుకని అడిగితే వచ్చే జవాబు, జూనియర్ ఇంజనీరు ఫైలు మీద రాసిన సందేహానికి వచ్చే జవాబు, రెండూ ఇవే మాటలు. అడిగినవాడి మీదే రుజువు భారం పడుతుంది, పైగా అడగడమే తక్కువ తెలివి అన్న సిగ్గు కూడా అంటుకుంటుంది. ఏది టైము మిగిల్చేదో, ఏది నోరు మూయించేదో పోల్చుకోవడం కష్టమేమీ కాదు. మొదటి రకం మాటకి ఎదురు అడిగితే నవ్వుతారు, రెండో రకానికి అడిగితే కోపమొస్తుంది.

ప్రభుత్వాలకీ ఈ రోగం ఉంటుంది. నీళ్లుంటే డెల్టా రైతు నాట్లేస్తాడన్నది ప్రణాళికలు వేసేవాళ్లకి లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే కాదు, లెక్క అక్కణ్ణుంచే మొదలవుతుంది. 2011 ఖరీఫ్‌లో కాలువల నిండా నీళ్లున్నా కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. వేల ఎకరాలు ఊడ్చకుండా వదిలేశారు. ఆ ఏడాది సాధారణ రకం ధాన్యానికి క్వింటాకి మద్దతు ధర 1,080 రూపాయలు. కూలీ, ఎరువు, కౌలు కలిపితే గిట్టదని వాళ్లన్నారు. మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయన్నది ఇంకో కారణం. ప్రభుత్వం మోహన్ కందా కమిటీని వేసింది. నీరు ఉండటానికీ నాటడానికీ మధ్య ధర ఉంది, కూలీ ఉంది, డ్రెయిన్ ఉంది. 2022లోనూ కోనసీమలో కొన్నిచోట్ల మళ్లీ అదే మాట వినబడింది. గేట్లెత్తే తేదీ ప్రకటించడం ఎంత సులువో, పూడిక తీయడం అంత సులువు కాదు మరి.

కోర్టులు ఈ చిక్కుని చాలాకాలంగా చూస్తున్నాయి గనక కొన్ని అరలు కట్టుకున్నాయి. 1872 నాటి సాక్ష్య చట్టంలోనూ, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో అమల్లోకొచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్‌లోనూ కొన్ని సంగతులకి రుజువు అడగరు. గెజిట్‌లో ప్రకటించిన పండగలు, ప్రపంచ భౌగోళిక విభాగాలు, రోడ్డు మీద ఎటు పక్క నడపాలన్న నియమం లాంటివి కోర్టు తనకి తానే గుర్తించాలి. రెండు పక్షాలూ ఒప్పుకున్నదానికీ మామూలుగా రుజువు అక్కర్లేదు. జరిగిన ఘటనే నిర్లక్ష్యానికి సాక్ష్యమనే సూత్రం కూడా ఉంది. 1863లో ఇంగ్లండ్‌లో ఒక పిండి పీపా గిడ్డంగి కిటికీలోంచి దారిన పోయేవాడి మీద పడిన కేసుతో అది పేరుకెక్కింది. ఢిల్లీలో గడియార స్తంభం కూలి జనం చనిపోయిన కేసులో 1966లో మన సుప్రీంకోర్టూ దాన్ని వాడింది. పీపా ఎవరూ అజాగ్రత్తగా లేకుండా దానంతటది కిటికీలోంచి దూకదు. కోనసీమలో నెత్తిన కొబ్బరికాయ పడితే మాత్రం ఈ సూత్రం అంత తేలిగ్గా అతకదు. కాయ పండి దానంతటదే రాలుతుంది.

ఊహల్లోనూ చట్టం మూడు మెట్లు పెట్టింది. మొదటి మెట్టు మీద కోర్టు కావాలంటే ఊహించవచ్చు, వద్దంటే రుజువు అడగవచ్చు. రెండో మెట్టు మీద ఊహించి తీరాలి, కాకపోతే తప్పని చూపించే అవకాశం అవతలివాడికి ఉంటుంది. మూడో మెట్టు మీద ఇక ఎదురు సాక్ష్యమే వినరు. ఏడేళ్లలోపు పిల్లవాడు చేసింది నేరం కాదనడం ఈ మూడో రకం. జనం నోట్లో నానే "తెలిసిందేగా"లు చాలావరకు మొదటి మెట్టు మీద ఉండాల్సినవి, మూడో మెట్టెక్కి కూర్చుంటాయి.

వరద రోజుల్లో లంకల్లో ఇది బాగా కనిపిస్తుంది. భద్రాచలం దగ్గర 43, 48, 53 అడుగులకీ, ధవళేశ్వరం దగ్గర 11.75, 13.75, 17.75 అడుగులకీ మూడు హెచ్చరికలు జారీ చేస్తారు. పైన భద్రాచలంలో తగ్గుముఖం పడితే కింద ధవళేశ్వరంలోనూ తగ్గుతుందని, నీరు దిగి రావడానికి కొంత టైము పడుతుందని అంతే తేడా అని అందరూ అంటారు. పై నీరు కిందికి రావాలి గనక ఇది నిజమనిపిస్తుంది. అయితే శబరి గోదావరిలో కలిసేది భద్రాచలానికి దిగువన, కూనవరం దగ్గర. భద్రాచలం కొలబద్ద మీద శబరి నీళ్లుండవు. ఒడిశా వైపు వానలు పడి శబరి పోటెత్తిందంటే భద్రాచలంలో అంకె పడిపోతున్నా ధవళేశ్వరంలో వరద అదే లెక్కన తగ్గదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరదని చూసిన పెద్దవాళ్లు ఇప్పటికీ భద్రాచలం అంకె ఒక్కటీ విని సామాను దించరు. "శబరి ఎలా ఉందంట?" అని రెండో మాట అడుగుతారు.